హెచ్‌ఆర్ పనులు బయటి సంస్థకు ఇవ్వాలంటే: ఏవి ఇవ్వవచ్చు, ఏవి మన దగ్గరే ఉండాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. మీ కంపెనీలో సుమారు 180 మంది ఉద్యోగులు ఉన్నారు. హెచ్‌ఆర్ విభాగంలో నలుగురు, అందులో ఇద్దరు జీతాల పని చూస్తారు. పేరోల్ (అంటే జీతాల లెక్కింపు), నియామకాలు, ఉద్యోగుల ఫిర్యాదులు, వీటితో పాటు బిల్లుల చెల్లింపు, కంప్యూటర్ల నిర్వహణ కూడా ఒకే సంస్థకు అప్పగిస్తే ఖర్చు బాగా తగ్గుతుందని ప్రతిపాదన వచ్చింది. యాజమాన్యం అటు మొగ్గుతోంది. మీ అభిప్రాయం రాసివ్వమన్నారు. ఏ పనులు ఇవ్వవచ్చు, ఖర్చు నిజంగా తగ్గుతుందా, ఆ నలుగురి సంగతేమిటి అని మీరు అడిగారు.

నేను ఈ వ్యవహారాన్ని రెండు వైపుల నుంచీ చూశాను. మొదట ఒక కంపెనీలో హెచ్‌ఆర్ విభాగం నడిపాను. తరువాత, కంపెనీల నుంచి ఇలాంటి పనులు తీసుకుని చేసిపెట్టే సంస్థలో చాలా ఏళ్లు పనిచేశాను. ఫీజు ఎలా కడతారో, ఒప్పందంలో ఏ వాక్యాన్ని ఎందుకు రాస్తారో లోపలి నుంచి తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. జీతాల లెక్కింపు ఇవ్వండి. నియామకాల్లో అభ్యర్థులను వెతికే పని ఇవ్వండి, ఎంచుకునే పని ఉంచుకోండి. ఫిర్యాదుల విచారణ, క్రమశిక్షణ చర్యలు, జీతాల పెంపు నిర్ణయాలు ఎవరికీ ఇవ్వకండి. అన్నీ ఒకే సంస్థ చేతిలో పెట్టకండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఏ పని ఇచ్చినా, అది సరిగ్గా జరిగిందో లేదో చూసి చెప్పగల మనిషి ఒకరు మీ కంపెనీ జీతం తీసుకుంటూ మీ దగ్గరే ఉండాలి. ఆ మనిషి లేనప్పుడు ఎంత పకడ్బందీగా రాసిన ఒప్పందమైనా బీరువాలో కాగితమే.

జీతాల పనిని బయటికి ఇవ్వడం కొత్తేమీ కాదు. 1949లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం పాటర్సన్ పట్టణంలో హెన్రీ టౌబ్ అనే యువకుడు ఇతర కంపెనీల జీతాల లెక్కలు చేసిపెట్టే చిన్న సంస్థ మొదలుపెట్టాడు. జీతాల సేవలు అందించే ఇప్పటి ఏడీపీ సంస్థ అదే. ఈ పని ఇన్ని దశాబ్దాలుగా బయట నడుస్తోందంటే కారణం దాని స్వభావంలోనే ఉంది. నెలనెలా ఒకే క్రమంలో వస్తుంది. నియమాలు రాతలో ఉంటాయి. పన్ను నిబంధన మారితే వంద కంపెనీల తరఫున ఒకరు చదివి అర్థం చేసుకుంటే చాలు. పైగా ఫలితం ఒక అంకె. తప్పు పడితే ఉద్యోగి ఆ వారంలోనే వచ్చి అడుగుతాడు. తప్పు త్వరగా బయటపడే పనిని దూరంగా ఉన్నవాళ్లకు ఇవ్వడంలో ప్రమాదం తక్కువ.

మిగతా పనులను కూడా ఇదే కొలతతో చూడండి. 1937లో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఒక ప్రశ్న వేశాడు: అన్నీ మార్కెట్లో కొనుక్కోగలిగినప్పుడు కంపెనీలు అసలెందుకు ఉన్నాయి? కొనడానికీ ఖర్చవుతుంది కనుక, అన్నది ఆయన జవాబు. తగినవాళ్లను వెతకాలి, బేరమాడాలి, ఒప్పందం రాసుకోవాలి, పని జరిగిందో లేదో చూసుకోవాలి. ఈ ఖర్చు సొంతంగా చేసుకునే ఖర్చును మించిపోయే చోట పని కంపెనీ లోపలే ఉండిపోతుంది. తరువాతి కాలంలో ఆలివర్ విలియమ్‌సన్ ఇంకో సంగతి చూపించాడు. ఒక పని ఎంతగా మీ కంపెనీకే ప్రత్యేకమైతే, దాన్ని ఒకసారి ఇచ్చాక ఆ సంస్థను మార్చడం అంత కష్టమవుతుంది. మొదటాయనకు 1991లో, రెండో ఆయనకు 2009లో నోబెల్ వచ్చింది. మీ యాజమాన్యం ముందున్న ప్రతిపాదనను ఈ దృష్టితో మళ్లీ చదవండి. అందులో ఫీజు ఉంటుంది. పర్యవేక్షణ ఖర్చు ఉండదు, విడిపోవాల్సి వస్తే పడే భారం ఉండదు. వాటిని లెక్కకట్టి యాజమాన్యం ముందు పెట్టాల్సింది మీరే.

ఇక పేరోల్ విషయంలో చాలామంది గమనించని చోటుకు వస్తాను.

ఏ నెల తీసుకున్నా ఎక్కువమంది జీతం దాదాపు గత నెల జీతమే. దాన్ని ఏ సంస్థ అయినా సరిగ్గా లెక్కిస్తుంది. సత్తా తెలిసేది మిగిలిన కొద్దిమంది దగ్గర. నెల మధ్యలో చేరినవారు ఉంటారు. సెలవు మంజూరు కాకముందే జీతం కోత పడి, తరువాత మంజూరు అయినవారు ఉంటారు. మూడు నెలల కిందటి తేదీ నుంచి ఇంక్రిమెంట్ వచ్చినవారు, ఆ మూడు నెలల్లో ఓవర్‌టైమ్ కూడా చేసి ఉంటే, ఓవర్‌టైమ్‌ను సైతం కొత్త రేటుతో మళ్లీ లెక్కించి తేడా ఇవ్వాలి. అడ్వాన్సు తీరకుండానే రాజీనామా చేసినవారు, కోర్టు ఉత్తర్వు ప్రకారం జీతంలో కొంత వేరొకరికి వెళ్లాల్సినవారు ఉంటారు. ఉద్యోగంలో ఉండగానే మరణించినవారి విషయంలో తుది లెక్క ఎవరి ఖాతాకు వెళ్లాలో, ఏ పత్రాలు అడగాలో, ఆ కుటుంబంతో ఎవరు ఏ మాటలతో మాట్లాడాలో కూడా తేల్చాలి.

ఇవన్నీ ఇన్నాళ్లూ మీ ఇద్దరు ఉద్యోగులు చేస్తూ వచ్చారు. ఎలా చేస్తున్నారో బహుశా ఎక్కడా రాసి లేదు. ఫలానా విభాగంలో రాత్రి షిఫ్టు మర్నాటి తేదీ కింద నమోదవుతుందని, ఫలానా భత్యం పాత ఒప్పందం ప్రకారం కొందరికే వర్తిస్తుందని వాళ్లకు తెలుసు. ఈ తెలివిడికి జీతాల పట్టికలో విడిగా వరుస ఉండదు కాబట్టి యాజమాన్యానికి అది కనిపించదు. ప్రతిపాదన రాసిన సంస్థకు అసలే కనిపించదు.

అందుకని ఎవరితోనూ ధర మాట్లాడకముందే ఒక పని చేయించండి. గత పన్నెండు నెలల జీతాల పట్టికలు ముందు పెట్టుకుని ఆ ఇద్దరినీ కూర్చోబెట్టండి. ముందటి నెల అంకెకూ ఈ నెల అంకెకూ తేడా ఉన్న ప్రతి పేరు దగ్గరా ఆగి, ఏం జరిగింది, ఎవరు చెప్పారు, ఎలా లెక్కించారు, ఆధారం ఏ కాగితం అని నాలుగు సంగతులు రాయించండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కొన్ని వారాలు పడుతుంది. ఆ సమయాన్ని వాళ్లకు ఇవ్వండి, రోజువారీ పనిపైన అదనంగా మోపకండి. చివరికి తయారయ్యే పేజీలే మీ ఒప్పందానికి అసలైన అనుబంధం. సేవా సంస్థలో ఉన్నప్పుడు నేను చూసిన పద్ధతి ఏమిటంటే, క్లయింటు ఇచ్చిన విధానాల పత్రంలో ఏముందో దానికే ధర కడతారు. అందులో లేనిది ఎదురైతే అది 'అదనపు పని' అవుతుంది, దానికి వేరే బిల్లు వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. ఆ సంస్థ లాభం అందరికీ ఒకే పద్ధతిలో పని చేయడం మీదే ఆధారపడి ఉంటుంది. మీ ప్రత్యేకతలను ముందే రాసి ఇవ్వకపోతే, తరువాత వాటిని ఒక్కొక్కటిగా కొనుక్కోవాల్సి వస్తుంది.

ప్రత్యేక సందర్భాలను పక్కనపెడితే ఏమవుతుందో కెనడా ప్రభుత్వ ఉద్యోగులు అనుభవించారు. అక్కడి ప్రభుత్వం ఫిబ్రవరి 2016లో ఫీనిక్స్ అనే జీతాల వ్యవస్థను ప్రారంభించింది. అది మొత్తంగా బయటికి ఇచ్చిన పని కాదు. సాఫ్ట్‌వేర్ పనిని ఐబీఎం అనే కంప్యూటర్ సంస్థకు ఇచ్చి, వేర్వేరు శాఖల్లో జరుగుతున్న జీతాల పనిని ఎక్కువగా మిరమిషి అనే చిన్న పట్టణంలోని ఒక కేంద్రానికి తరలించారు. అయినా పాఠం మనకు సరిగ్గా సరిపోతుంది. కొత్త వ్యవస్థ నిలదొక్కుకోకముందే శాఖల్లోని అనుభవజ్ఞులు వందల సంఖ్యలో ఆ పని నుంచి తప్పుకున్నారు. గడువు, ఖర్చు దాటకూడదని కొన్ని సౌకర్యాలను వ్యవస్థ నుంచి తీసేశారని, వాటిలో పాత తేదీ నుంచి ఇవ్వాల్సిన బకాయిల లెక్కింపు కూడా ఉందని, ముందుగా ఒక శాఖలో చేయాల్సిన ప్రయోగాన్ని రద్దు చేశారని ఆడిటర్ జనరల్ 2018 నివేదిక తేల్చింది. ఫలితంగా లక్షమందికి పైగా ఉద్యోగుల జీతాలు తప్పాయి. కొందరికి తక్కువ పడింది, కొందరికి ఎక్కువ పడింది, కొందరికి అసలు పడలేదు. ఎక్కువ పడినవారి బాధ చిన్నదేమీ కాదు. ఆ డబ్బు తిరిగి కట్టాలి, పన్ను లెక్కలు సరిదిద్దుకోవాలి.

మీరు చేయాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కనీసం మూడు నెలలు రెండు లెక్కలూ పక్కపక్కన నడవాలి. పాత పద్ధతిలో మీవాళ్లు, కొత్త పద్ధతిలో ఆ సంస్థ. మొత్తం సరిపోయిందని సంతోషపడకండి. ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ పడినా మొత్తం సరిపోతుంది. ఒక్కొక్క పేరు, అందులో ఒక్కొక్క పద్దు పోల్చాలి. ఆ మూడు నెలల్లో పైన చెప్పినలాంటి సందర్భాలు సహజంగా రాకపోతే, పాత పట్టికల నుంచి తీసిన ఉదాహరణలు ఇచ్చి లెక్కించమనండి. తేడాలన్నీ కారణంతో సహా తేలాకే పాత పద్ధతి ఆపండి. ఆరు వారాల్లో మొత్తం మార్చేస్తామని ఆ సంస్థ అంటే, పక్కపక్కన నడిపే నెలలు అందులో ఎక్కడున్నాయో అడగండి. ఆర్థిక సంవత్సరం ముగిసే నెలను, వార్షిక ఇంక్రిమెంట్లు వచ్చే నెలను మార్పుకు ఎంచుకోకండి.

ఖర్చు సంగతి. ప్రతిపాదనలో పోలిక సాధారణంగా ఒకవైపు నలుగురి జీతాలు, మరోవైపు ఒక్కో ఉద్యోగికి నెలకింత అని ఫీజు, అంతే. ఆ పట్టికలో మీరు మరికొన్ని వరుసలు చేర్చాలి. మార్పు సమయంలో రెండు వైపులా అయ్యే ఖర్చు. సంస్థ పనిని చూసుకునే మీ మనిషి సమయం. కొత్త భత్యం పెట్టినా, కొత్త రిపోర్టు అడిగినా వచ్చే అదనపు బిల్లు. ఉద్యోగుల సంఖ్య తగ్గినా కట్టాల్సిన కనీస ఫీజు. ఏటా పెరిగే శాతం. విడిపోయేటప్పుడు సమాచారం తిరిగి ఇవ్వడానికి అడిగే రుసుము. వీటిలో చివరిదాన్ని సంతకానికి ముందే సున్నా చేయించండి. సంతకం తరువాత మీకు బేరమాడే బలం ఉండదు.

ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇంకో ఖర్చు ఉంది. ఇప్పుడు హాజరులో తేడా వస్తే మీ హెచ్‌ఆర్ ఉద్యోగి విభాగానికి వెళ్లి కనుక్కుంటుంది. రేపు ఆ సంస్థ ఒక కంప్యూటర్ తెర చూపించి, నెలలో ఫలానా తేదీలోగా విభాగాధిపతులే అన్నీ సరిచూసి ఆమోదించాలంటుంది. పని పోలేదు, విభాగాధిపతుల మీదికి జరిగింది. వాళ్ల గంట మీ గుమాస్తా గంట కంటే ఖరీదైనది. వాళ్లకు ఆ పని మీద శ్రద్ధ కూడా ఉండదు. చివరి రోజున అన్నిటికీ ఒకేసారి ఆమోదం నొక్కేస్తారు. నిజాయితీగా చెప్పాలంటే, 180 మంది ఉన్న కంపెనీకి పేరోల్ బయటికి ఇవ్వడంలో వచ్చే మేలు డబ్బు ఆదా కంటే ఎక్కువగా వేరే రూపంలో ఉంటుంది. మారే నిబంధనలను వెంటాడే శ్రమ తగ్గుతుంది, ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే జీతాలు ఆగుతాయన్న భయం పోతుంది. ఆ మేలుకు విలువ ఉంది. ఖర్చు భారీగా తగ్గుతుందన్న ఆశతో మాత్రం ఒప్పుకోకండి.

పెద్ద సంస్థలు కూడా ఈ లెక్కను మధ్యలో మార్చుకున్నాయి. జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు 2002 చివరిలో తన కంప్యూటర్ వ్యవస్థల పనిలో పెద్ద భాగాన్ని ఏడేళ్లకు, 500 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఐబీఎంకు ఇచ్చింది. బ్యాంక్ వన్‌తో విలీనం అయ్యాక, 2004లోనే దాన్ని రద్దు చేసుకుని, అటు వెళ్లిన సుమారు 4,000 మందిని వెనక్కి తీసుకుంది. ఆ పని నడపగల సామర్థ్యం విలీనమైన బ్యాంకు దగ్గర ఉంది కాబట్టి వెనక్కి తీసుకోగలిగింది. ఆ సామర్థ్యాన్ని పూర్తిగా వదులుకున్న చిన్న కంపెనీకి వెనక్కి వచ్చే దారి ఉండదు.

ఒప్పందంలో ఎక్కువమందిని మురిపించే వాక్యం 'తొంభై తొమ్మిది శాతం ఖచ్చితత్వం' అన్నది. 180 మందిలో ఒక శాతం అంటే నెలకు దాదాపు ఇద్దరు. వరసగా మూడు నెలలు అదే ఒక్కరి జీతం తప్పినా ఒప్పందం ప్రకారం సంస్థ మాట నిలబెట్టుకున్నట్టే. ఇల్లు అద్దె కట్టాల్సిన మనిషికి ఆ శాతంతో ఏం పని? మీరు అడగాల్సినవి వేరు. తక్కువ పడిన జీతం, తప్పు తెలిసిన రెండు పనిదినాల్లో ఖాతాలో పడాలి. వచ్చే నెలలో కలుపుతామనడం కుదరదు. ఒకే వ్యక్తికి రెండోసారి తప్పితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఫీజులో కోత ఉండాలి. 'స్పందించే సమయం' అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. మీ సందేశం అందింది అని జవాబు రావడాన్ని చాలా ఒప్పందాలు స్పందనగా లెక్కిస్తాయి. సమస్య తీరిన సమయాన్నే కొలవండి. తప్పుల జాబితాను ఆ సంస్థ దగ్గరే కాకుండా మీ దగ్గర కూడా విడిగా రాసుకోండి, ఎందుకంటే ఫోనులో చెప్పి సరిచేయించుకున్నవి వాళ్ల లెక్కలోకి ఎక్కవు.

ఇప్పుడు ఇవ్వకూడనివాటి గురించి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. ఒక ఉద్యోగి తన పైఅధికారి వేధిస్తున్నాడని చెప్పడానికి వచ్చినప్పుడు, ఆమెకు ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. ఆ పైఅధికారిని పిలిచి ప్రశ్నించే అధికారం ఆ మనిషికి ఉండాలి. బయటి సంస్థ సిబ్బంది ఎంత మంచివారైనా వారికి ఆ అధికారం ఉండదు. వారికి ఫీజు కట్టేది కూడా ఆ యాజమాన్యమే. ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చి, నిర్ణీత గడువులో మూసేయడం వారి పని పద్ధతి. మనిషి బాధను అలా మూసేస్తే అది రాజీనామాగానో, కోర్టు కేసుగానో తిరిగి వస్తుంది. ఉద్యోగం నుంచి తీసివేయడం, హెచ్చరిక ఇవ్వడం, ఎవరి జీతం ఎంత పెంచాలో నిర్ణయించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. వీటికి కావలసిన కాగితాలు బయటివాళ్లు తయారుచేయవచ్చు. నిర్ణయం తీసుకున్నవారే ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పాలి. ఒక్క మినహాయింపు ఉంది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే ఫోను నంబరును బయటి సంస్థ నడపడం నిజంగా మేలు. గొంతు గుర్తుపడతారన్న భయం ఉండదు. ఫిర్యాదు తీసుకోవడం వరకే వాళ్ల పని, విచారణ మీదే.

నియామకాల్లో సంస్థకు డబ్బు ఎప్పుడు అందుతుందో చూస్తే దాని ప్రవర్తన అర్థమవుతుంది. అభ్యర్థి చేరిన రోజున పూర్తి ఫీజు అందితే, ఎలాగైనా చేర్పించడమే వాళ్ల లక్ష్యం అవుతుంది. ఫీజును రెండు మూడు భాగాలు చేసి, చివరి భాగం ఆరు నెలలు నిలిచాక ఇస్తామనండి. దరఖాస్తుల్లో తొలి వడపోత వాళ్లే చేస్తే, తిరస్కరించిన వాటిలోంచి ప్రతినెలా కొన్నిటిని మీరు తీసి చదవండి. ఏ కారణంతో ఎవరిని పక్కనపెడుతున్నారో తెలుస్తుంది. ఒకే కళాశాలవాళ్లను, ఒకే వయసువాళ్లను మాత్రమే పంపుతుంటే అక్కడే పట్టుకోవచ్చు. ఆఖరి ఇంటర్వ్యూ, ఎంపిక, జీతం మాట్లాడటం మీ విభాగాధిపతి, మీరు కలిసి చేయాలి.

బిల్లులు, కంప్యూటర్ల గురించి క్లుప్తంగా. బిల్లుల నమోదు ఇవ్వవచ్చు, చెల్లింపు ఆమోదం ఇవ్వకూడదు. కొత్త సరఫరాదారు పేరును, బ్యాంకు ఖాతాను వ్యవస్థలో చేర్చే మనిషీ, డబ్బు విడుదల చేసే మనిషీ ఒకరే కాకూడదు. ఈ నియమం బయటి సంస్థ లోపల కూడా పాటిస్తున్నారని రాయించుకోండి. కంప్యూటర్ల విషయంలో రోజువారీ సహాయం ఇవ్వండి, ప్రధాన అధికారపు పాస్‌వర్డులు, డొమైన్ పేరు, బ్యాకప్‌లు మీ కంపెనీ పేరు మీద, మీ ఆధీనంలో ఉండాలి.

అన్నీ ఒకే సంస్థకు ఎందుకు వద్దంటున్నానంటే, దానికి ఏదైనా అయితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. జనవరి 2018లో బ్రిటన్‌లో కారిలియన్ అనే నిర్మాణ, సేవల సంస్థ కుప్పకూలినప్పుడు పాఠశాలలు, ఆస్పత్రులు, జైళ్లలో అది చేస్తున్న సేవలు ఎవరు నడపాలన్న ప్రశ్న ఒక్కరోజులో తలెత్తింది. డిసెంబరు 2021లో క్రోనోస్ అనే సంస్థ నడిపే హాజరు, జీతాల వ్యవస్థలపై సైబర్ దాడి జరిగితే, దాన్ని వాడుతున్న ఆస్పత్రులు, నగర పాలక సంస్థలు, కంపెనీలు కొన్ని వారాల పాటు కాగితాల మీద గంటలు రాసుకున్నాయి. చాలాచోట్ల గత జీతం ఆధారంగా అంచనా వేసి చెల్లించారు. అలా చెల్లించాలన్నా గత జీతాల ఫైలు చేతిలో ఉండాలి కదా. కాబట్టి ప్రతినెలా జీతాలు పడిన మర్నాడే పూర్తి పట్టిక, బ్యాంకు ఖాతాల వివరాలతో సహా, మీ సొంత కంప్యూటర్‌లో భద్రంగా చేరాలి. వ్యవస్థ ఆగిన నెలలో గత నెల చేతికందిన మొత్తాన్నే చెల్లించి, తేడాలు తరువాత సరిచేస్తామని ముందే ఒక పేజీ విధానం రాసి ఉంచుకోండి. బ్యాంకుతో ఆ ఏర్పాటు ఒకసారి పరీక్షించి చూడండి.

ఉద్యోగుల సమాచారం మరో పెద్ద సంగతి. పుట్టిన తేదీ, ఖాతా సంఖ్య, ఆరోగ్య సెలవు కారణం వంటివి మిమ్మల్ని నమ్మి ఇచ్చారు. ఐరోపాలో 25 మే 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ విషయంలో మంచి నమూనా. సమాచారాన్ని వాడేది బయటి సంస్థ అయినా, ఎందుకు వాడాలో నిర్ణయించే కంపెనీ బాధ్యత తొలగదు. రాతపూర్వక అనుమతి లేకుండా ఆ సంస్థ మరో సంస్థకు పని అప్పగించకూడదు. సమాచారం బయటికి పొక్కితే సంస్థ ఆలస్యం లేకుండా కంపెనీకి చెప్పాలి, వ్యక్తులకు ముప్పు ఉండే అవకాశం ఉంటే కంపెనీ 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు తెలపాలి. మీరున్న చోట చట్టం ఇంత కఠినంగా లేకపోయినా ఈ షరతులు ఒప్పందంలో రాయించుకోవచ్చు. కొంచెం పేరున్న ఏ సంస్థా కాదనదు.

ఆ సంస్థ మీకు ఒక ఆడిట్ నివేదిక చూపించవచ్చు. సేవా సంస్థల లోపలి నియంత్రణలపై (అంటే తప్పులు జరగకుండా పెట్టుకున్న తనిఖీలపై) ఐఎస్‌ఏఈ 3402 అనే అంతర్జాతీయ ప్రమాణం కింద ఇచ్చేది అది. మొదటి రకం నివేదిక, నియంత్రణలు ఫలానా తేదీన సరిగ్గా రూపొందాయని మాత్రమే చెబుతుంది. రెండో రకం, కొన్ని నెలల పాటు అవి నిజంగా పనిచేశాయో లేదో పరీక్షించి చెబుతుంది. మీకు కావలసింది రెండోది. అందులో ఆడిటర్ అభిప్రాయం చదివి పక్కన పెట్టేయకండి. పరీక్షల్లో దొరికిన లోపాల భాగం చూడండి. ఇంకా ముఖ్యంగా, క్లయింటు కంపెనీ తన వైపు చేయాల్సిన నియంత్రణలంటూ ఒక జాబితా ఉంటుంది. ఉద్యోగం మానినవారి పేర్లు వెంటనే తెలపాలి, ఎవరెవరికి లాగిన్ ఉందో తరచూ సరిచూడాలి అన్నలాంటివి. ఆ జాబితాలో ఉన్నవి మీరు చేయకపోతే ఆ నివేదిక ఇచ్చే భరోసా మీకు వర్తించదు. దాన్ని చివరిదాకా చదివిన క్లయింటు నాకు అరుదుగా తగిలారు.

మిగిలింది ఆ నలుగురు. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆపింది ఈ మాటే, అడిగినందుకు సంతోషం. చాలామంది ఈ ప్రశ్న అడగరు. మొదటి సంగతి, ప్రతిపాదన పరిశీలనలో ఉందని వాళ్లకు ఇప్పుడే, మీ నోటితోనే చెప్పండి. ఆ సంస్థ ప్రతినిధులు వచ్చి వాళ్ల పక్కన కూర్చుని మీరేం చేస్తారో చెప్పండి అని అడిగే రోజున తెలిస్తే, వాళ్లు ఆ అవమానాన్ని మరిచిపోరు, తమకు తెలిసినదంతా చెప్పరు కూడా. చెప్పాలని అడగడానికి మనకు హక్కు కూడా ఉండదు. రెండోది, జీతాల పని చూసే ఇద్దరిలో కనీసం ఒకరిని శాశ్వతంగా ఉంచుకోండి. నేను మొదట చెప్పిన, సరిచూసే మనిషి ఆమే లేదా ఆయనే. హోదా, జీతం ఆ బాధ్యతకు తగినట్టు పెంచండి. మిగిలినవారిలో ఒకరు ఫిర్యాదులు, ఉద్యోగుల సంబంధాలు చూడవచ్చు, ఇంకొకరు నియామకాలు. ఇలా చూస్తే నిజంగా మిగిలిపోయేది ఒక్క స్థానం, దానికి కూడా కంపెనీలో వేరే చోటు దొరకవచ్చు.

ఎవరైనా ఆ సంస్థకు మారాల్సి వస్తే, పాత సర్వీసు కాలం, జీతం, సెలవుల నిల్వ అలాగే కొనసాగాలని ఒప్పందంలో పెట్టండి. ఐరోపా సమాఖ్యలో 2001 నాటి ఒక ఆదేశం ఇలాంటి బదిలీల్లో ఉద్యోగ షరతులను కాపాడుతుంది. మీరున్న చోట ఏ చట్టం వర్తిస్తుందో కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదిని అడగండి, ఆ సంస్థ న్యాయవాదిని కాదు. మారినవాళ్లు ఆరు నెలల తరువాత ఏ స్థితిలో ఉన్నారో చూసే బాధ్యత కూడా మీరు తీసుకోండి. కొన్ని సంస్థలు అనుభవజ్ఞులను తీసుకుని, పని నేర్చుకున్నాక తక్కువ జీతానికి వేరొకరిని పెడతాయి. కనీసం ఒక ఏడాది తొలగించకూడదన్న షరతు అడగండి. ఎంత గట్టిగా వ్యతిరేకిస్తారో చూస్తే వాళ్ల ఉద్దేశం మీకే తెలుస్తుంది.

యాజమాన్యానికి రాసిచ్చే అభిప్రాయంలో 'వద్దు' అని ఒక్కమాటతో రాయకండి, పక్కన పెట్టేస్తారు. ముందుగా పేరోల్ ఒక్కటే, ఒక ఏడాదికి, మూడు నెలలు రెండు లెక్కలూ పక్కపక్కన నడిపే షరతుతో ఇద్దామని రాయండి. పన్నెండు నెలల తేడాల జాబితా సిద్ధమయ్యాక అదే కాగితాన్ని ఇద్దరు ముగ్గురు సంస్థలకు ఇచ్చి ధర అడగండి. మొదట ప్రతిపాదన ఇచ్చిన సంస్థ కూడా అందులో ఉండవచ్చు. జాబితా చూశాక వాళ్లు చెప్పే ధరకూ ఇప్పుడు చెప్పిన ధరకూ ఎంత తేడా ఉందో మీ యాజమాన్యానికి చూపించండి. ఆ జాబితా రాయడంలో ఏ పద్దు ఎలా పెట్టాలో సందేహం వస్తే, ఉద్యోగుల పేర్లు తీసేసి ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.